ధర చీటీ వెనక: అమెరికాలో పెద్ద వ్యాపారం ఎదిగిన తీరు

1870 ప్రాంతంలో అమెరికా పల్లెల్లో జనరల్ స్టోరు ఎలా ఉండేదో, పాతకాలపు కిరాణా కొట్టు చూసినవాళ్లకు పెద్దగా వర్ణించి చెప్పనక్కర్లేదు. ఒక పీపాలో బిస్కెట్లు, ఇంకో పీపాలో బెల్లప్పాకం లాంటి మొలాసిస్, ఉప్పులో ఊరిన పంది మాంసం, కొక్కేలకు లాంతర్లు, వెనక అరల్లో బట్టల తానులు, బల్ల మీద తక్కెడ. సరుకంతా బల్లకు అవతల, కొనేవాడు ఇవతల. దేని మీదా ధర అంకెల్లో కనపడదు. చాలామంది షావుకార్లు ఒకే అక్షరం రెండుసార్లు రాని పది అక్షరాల మాటొకటి గుట్టుగా ఎంచుకునేవారు. మొదటి అక్షరం ఒకటి, రెండో అక్షరం రెండు, అలా లెక్కేసి తాము కొన్న ధరను చీటీ మీద అక్షరాల్లో రాసుకునేవారు. దాన్ని చదవగలిగేది షావుకారు, ఆయన నమ్మిన గుమాస్తా. వచ్చినవాడి వాలకం, అవసరం, పాత బాకీ చూసి ఆ అసలు మీద ఎంత వేయాలో అక్కడికక్కడే తేల్చేవారు.

అరువు ధర ఒకటి, రొక్కం ధర ఒకటి. అంతర్యుద్ధం తర్వాత దక్షిణ రాష్ట్రాల్లో పరిస్థితి మరీ ఘోరం. పాలికి పత్తి పండించే రైతు రాబోయే పంటను షావుకారుకే తనఖా పెట్టి విత్తనాలు, తిండి గింజలు, బట్టలు తెచ్చుకోవాలి. తనఖా పెట్టాక ఇంకో కొట్టు గడప తొక్కే వీలుండదు. పంట చేతికొచ్చాక లెక్క చూస్తే బాకీ ఇంకా మిగిలే ఉంటుంది. ఆ రైతు నల్లజాతివాడైతే ఆ పద్దు పుస్తకంలో ఏం రాశారో అడగడం కూడా ప్రమాదమే.

తర్వాతి యాభై, అరవై ఏళ్లలో అమెరికాలో పెద్ద వ్యాపారం ఎదిగిన కథ చెప్పేటప్పుడు సాధారణంగా ఉక్కు, చమురు, రైలు, వాటి అధిపతుల కోట్ల ఆస్తులతో మొదలుపెడతారు. కానీ సామాన్యుడి బతుకులో ఆ మార్పు కనిపించింది ఓ చిన్న కాగితం ముక్క రూపంలో. సరుకు మీద అందరికీ కనపడేట్టు, అందరికీ ఒకే అంకె వేసిన ధర చీటీ అది. ఆ చీటీ ఎందుకు పుట్టింది, దాన్ని నిలబెట్టడానికి ఎంత యంత్రాంగం కావలసి వచ్చింది, దాని వెనక ఏం దాగింది అన్నవి విడదీయరాని ప్రశ్నలు.

అలెగ్జాండర్ స్టూవర్ట్ 1846లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో కట్టిన పాలరాతి దుకాణం, 1858లో అదే నగరంలో మొదలైన మేసీస్, 1876లో జాన్ వానామేకర్ ఫిలడెల్ఫియాలో పాత రైల్వే గూడ్సు షెడ్డును కొని తెరిచిన గ్రాండ్ డిపో - వీటన్నిటి పద్ధతీ ఒకటే. ధర రాసి ఉంటుంది, బేరం లేదు. దీన్ని నిజాయితీకి గుర్తుగా ప్రచారం చేసుకున్నారు. వానామేకర్ మతనిష్ఠ ఉన్న మనిషి, ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అని ఉండవచ్చు. క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన వర్తకులు అంతకు చాలా ముందు నుంచే ఒకే మాట, ఒకే ధర అన్న నియమం పాటించారు. కానీ నిజాయితీ ఒక్కటే కారణమైతే అది ఊరూరా చిన్న కొట్లలోనే ముందు పాకేది. పెద్ద కొట్లలోనే ఎందుకు పాకింది?

బేరమాడాలంటే అసలు ధర తెలిసి ఉండాలి, ఎంతవరకు దిగవచ్చో తెలిసి ఉండాలి, యజమాని నమ్మకం ఉండాలి. అంటే బల్ల వెనక నిలబడ్డ ప్రతి మనిషీ సగం వ్యాపారి అయి ఉండాలి. ముగ్గురు గుమాస్తాలున్న కొట్టులో అది సాగుతుంది. వందల మంది పనిచేసే చోట యజమాని ఎంతమందిని నమ్మగలడు? ధర చీటీ ఆ చిక్కును ఒక్క దెబ్బతో తెంపేసింది. ధర నిర్ణయించేది పైన ఆఫీసు గదిలో కూర్చున్న విభాగాధిపతి. కింద నిలబడ్డ మనిషి చేయాల్సింది సరుకు చూపించడం, మడత పెట్టడం, చీటీ రాయడం. పనిలోంచి వ్యాపారం తీసేశాక ఆ పనికి తక్కువ జీతానికి దొరికే పదహారేళ్ల పిల్లలను పెట్టుకోవచ్చు. డిపార్ట్‌మెంట్ స్టోర్లలో యువతులు వేల సంఖ్యలో చేరడానికి ఇదొక ముఖ్యకారణం. వాళ్లలో పైకొచ్చినవాళ్లూ ఉన్నారు. మేసీస్‌లో క్యాషియరుగా చేరిన మార్గరెట్ గెచెల్ 1866లో ఆ దుకాణం మొత్తానికి సూపరింటెండెంట్ అయింది. అది ఆ కాలానికి అరుదు. చాలామందికి దక్కింది రోజంతా నిలుచునే పని, కూర్చోవడానికి బల్ల లేని ఉద్యోగం, చిన్న తప్పుకూ జీతంలో కోత.

డబ్బు కూడా వాళ్ల చేతిలో ఉండనిచ్చేవారు కాదు. అమ్మకం కాగానే గుమాస్తా కేక వేస్తే పదేళ్లూ పన్నెండేళ్లూ ఉన్న పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చి డబ్బు, చీటీ తీసుకుని క్యాషియరు దగ్గరికి వెళ్లి, చిల్లర తెచ్చి ఇచ్చి, మళ్లీ ఇంకో కేకకు పరుగెత్తేవారు. 1880 ప్రాంతంలో గాలి ఒత్తిడితో నడిచే ఇత్తడి గొట్టాలు వచ్చి ఆ పిల్లల పని తీసేశాయి. అంతకు ఏడాది ముందు, 1879లో, ఒహాయో రాష్ట్రం డేటన్‌లో సెలూన్ నడిపే జేమ్స్ రిటీ తన పనివాళ్లు గల్లా పెట్టె నుంచి డబ్బు తీస్తున్నారని విసిగి నగదు లెక్క యంత్రం తయారుచేశాడు. గొట్టమైనా యంత్రమైనా చేసే పని ఒకటే: మనిషిని నమ్మక్కర్లేకుండా చేయడం. ఈ పిల్లల, యువతుల పరిస్థితి చూసి కడుపు మండిన న్యూయార్క్ మహిళలు 1891లో వినియోగదారుల లీగ్ పెట్టారు. పనివాళ్లను సరిగా చూసే దుకాణాల పేర్లతో తెల్ల జాబితా అచ్చేసి, అక్కడే కొనమని చెప్పారు. 1899లో అది జాతీయ సంస్థ అయ్యింది, ఫ్లోరెన్స్ కెల్లీ దాన్ని ముందుండి నడిపింది. ధర చీటీ మీద కనపడని ఖర్చును కొనేవాళ్లకు చూపించాలన్నది వాళ్ల పట్టుదల. ఆ కాలపు పోరాటాల్లో అంత స్పష్టమైన ఆలోచన ఉన్నవి తక్కువ.

బేరం లేనప్పుడు లాభం ఎక్కడిది? లెక్క తేలికే. వంద డాలర్ల సరుకు మీద నలభై డాలర్లు వేసుకుని ఏడాదికి ఒకసారి అమ్మితే మిగిలేది నలభై. పదే వేసుకుని అదే వందను ఏడాదిలో ఆరుసార్లు తిప్పితే అరవై. కాబట్టి అసలు ప్రాణం సరుకు తిరుగుడులో ఉంది. అరలో కదలకుండా ఉన్న బట్ట ధర తగ్గించి అయినా వదిలించుకోవాలి, ఆ జాగాలోకి కొత్తది రావాలి. ఆ సూత్రం చిల్లర కొట్టును దాటి ఫ్యాక్టరీ దాకా పాకింది.

సరుకు తిరగాలంటే ముందు అది సకాలంలో రావాలి. 1865లో దాదాపు 35 వేల మైళ్లున్న అమెరికా రైలుమార్గం 1900 నాటికి 1.9 లక్షల మైళ్లు దాటింది. పొడవు కంటే ముఖ్యమైంది అతుకు. దక్షిణాది పట్టాల మధ్య వెడల్పు అయిదు అడుగులు, ఉత్తరాదిలో నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. సరిహద్దులో సరుకంతా దించి మళ్లీ ఎక్కించాలి, లేదా వ్యాగన్ కింది చక్రాల బండిని మార్చాలి. 1886 మే 31, జూన్ 1 తేదీల్లో వేలాది కూలీలు దక్షిణాదిలో 11 వేల మైళ్లకు పైగా మార్గంలో మేకులు పీకి, ఒక పట్టాను లోపలికి జరిపి, మళ్లీ మేకులు కొట్టారు. కొత్త మేకులు ముందే కొట్టి ఉంచుకున్నారు కాబట్టి రెండు రోజుల్లో పని పూర్తయింది. అంతకు మూడేళ్ల ముందు, 1883 నవంబర్ 18న, ఊరికో గడియారం అన్న పద్ధతి మాని రైలు కంపెనీలు దేశాన్ని కాలమండలాలుగా విడగొట్టుకున్నాయి. ప్రభుత్వం చట్టం చేసింది 1918లో. అంతవరకూ దేశం రైలు కంపెనీల గడియారం మీదే నడిచింది.

ఈ అతుకుల్లేని దారి మీద మొదట లాభపడ్డవాళ్లలో షికాగో మాంసం వ్యాపారి గుస్తావస్ స్విఫ్ట్ ఒకడు. బతికున్న పశువు బరువులో సగానికి పైగా తినడానికి పనికిరాదు. దాన్నంతా రైలెక్కించి తూర్పు నగరాలకు పంపి అక్కడ కోయడమెందుకని, షికాగోలోనే కోసి ఐసు పెట్టిన వ్యాగన్లలో మాంసం పంపాడు. పశువుల వ్యాగన్ల మీద పెట్టుబడి పెట్టిన రైలు కంపెనీలు సహకరించలేదు. స్విఫ్ట్ సొంత వ్యాగన్లు కట్టించుకున్నాడు, దారిలో ఐసు నింపే మజిలీలు, నగరాల్లో చల్లటి గిడ్డంగులు పెట్టాడు. ఊళ్లలో కసాయివాళ్లు ఏకమై ఎదురు తిరిగారు. కోయడానికి ముందు 24 గంటల లోపు తమ రాష్ట్రంలోనే పశువును తనిఖీ చేయాలని మిన్నెసోటా చట్టం చేసింది. ఆ చట్టం నిలిస్తే షికాగో మాంసం అక్కడ అమ్మడానికే వీల్లేదు. 1890లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బయటి రాష్ట్రాల సరుకు అమ్మే తిరుగుడు వ్యాపారులకే లైసెన్సు పన్ను వేసిన మిస్సోరీ చట్టాన్ని 1876లోనే కొట్టేసింది. ఆ కేసులో ఉన్నది కుట్టుమిషన్లు అమ్ముకునే మనిషి. దేశమంతా ఒకే సంత కావడం సహజంగా జరిగిపోలేదు, కోర్టులు దాన్ని తీర్పు తర్వాత తీర్పుగా కట్టాయి.

ఒకే ధర అన్న మాటకు అసలు పరీక్ష నగరంలో కాదు, పల్లెలో ఎదురైంది. 1872లో షికాగోలో ఆరన్ మాంట్‌గొమరీ వార్డ్ 163 వస్తువుల పేర్లూ ధరలూ ఒకే కాగితం మీద అచ్చేసి రైతులకు పంపాడు. అంతకు ముందు ఏడాది షికాగో అగ్నిప్రమాదంలో ఆయన సమకూర్చుకున్న మొదటి సరుకు కాలిపోయింది. గ్రేంజ్ అనే రైతు సంఘాలే ఆయన మొదటి ఆసరా. ధరలు మరీ తక్కువగా ఉండడంతో షికాగో ట్రిబ్యూన్ పత్రిక 1873 చివర్లో ఇదంతా మోసమని రాసింది, తర్వాత తప్పు ఒప్పుకుంది. ముఖం తెలియనివాడికి డబ్బు ముందే పంపమంటే ఎవరు నమ్ముతారు? సరుకు నచ్చకపోతే డబ్బు వాపసు అన్న హామీ 1875లో ఆ సందేహంలోంచే పుట్టింది. అప్పటిదాకా ఊళ్లో షావుకారు ముఖంలో వెతుక్కున్న నమ్మకం ఇక అచ్చు కాగితంలో దొరకాలి.

రిచర్డ్ సియర్స్ మిన్నెసోటాలో చిన్న రైల్వే స్టేషన్ ఏజెంటు. 1886లో స్థానిక నగల వర్తకుడు తీసుకోకుండా వదిలేసిన గడియారాల పార్సిలును తాను తీసుకుని ఇతర స్టేషన్ల ఏజెంట్లకు అమ్మి వ్యాపారంలోకి దిగాడు. 1893 నాటికి అది భాగస్వామి ఆల్వా రోబక్ పేరు కూడా కలిసి సియర్స్ రోబక్ కంపెనీ అయ్యింది. 1895లో జూలియస్ రోజెన్‌వాల్డ్ వాటాదారుగా చేరాడు. 1895 క్యాటలాగు 532 పేజీలు. నాగలి, పియానో, టోపీ, కుట్టుమిషను, ఇంటి గోడకు అంటించే కాగితం, అన్నీ అందులోనే. ఏ భాషలో రాసినా ఫరవాలేదు, మీకు వచ్చినట్టు రాయండి అని అందులో చెప్పేవారు. ధరలు నమ్మదగ్గవే గానీ సరుకు గురించి రాసిన మాటలన్నీ కావు. సకల రోగాలూ కుదిర్చే మందులూ ఏళ్ల తరబడి ఆ పేజీల్లోనే అమ్ముడయ్యాయి.

1906లో షికాగో పడమటి వైపు కట్టిన సియర్స్ గిడ్డంగిని దగ్గరగా చూస్తే పెద్ద వ్యాపారం అంటే ఏమిటో అర్థమవుతుంది. ఉత్తరం తెరిచి, డబ్బు లెక్కపెట్టి, ఆర్డరులోని ఒక్కో వస్తువుకూ ఒక్కో చీటీ రాసి గాలిగొట్టాల్లో ఆయా విభాగాలకు పంపేవారు. ప్రతి ఆర్డరుకూ ఒక పెట్టె, దానికి పదిహేను నిమిషాల సమయం. బూట్ల విభాగం నుంచి బూట్లు, పనిముట్ల విభాగం నుంచి సుత్తి, బట్టల విభాగం నుంచి చొక్కా - అన్నీ ఆ పదిహేను నిమిషాల్లోనే జారుడు బల్లల మీదుగా, కదిలే పట్టీల మీదుగా ఆ పెట్టెలో పడాలి. ఒక వస్తువు రాకపోతే ఆర్డరు ఆగదు. అది తర్వాత విడిగా వెళ్తుంది, ఆ ఖర్చు ఆలస్యం చేసిన విభాగం పద్దులో పడుతుంది. ధర తక్కువగా ఉండగలగడానికి కారణం ఆ నిమిషాల లెక్క, దాని కింద నలిగిన పనివాళ్ల చేతులు.

మిసిసిపీలో నల్లజాతి రైతుకు ఆ క్యాటలాగు ఏమిటో ఊహించుకోవాలి. ఊరి కొట్టులో తెల్లవాళ్లంతా కొనుక్కునేదాకా ఆగాలి, మంచి సరుకు అడిగితే అది నీకెందుకని ప్రశ్న. క్యాటలాగుకు రంగు తెలియదు, తెల్ల రైతుకు ఎంతో ఈ రైతుకూ అంతే. పల్లె షావుకార్లకు ఇది రెండు విధాల నష్టం: గిరాకీ పోయింది, పెత్తనం పోయింది. పిల్లలు తెచ్చిన క్యాటలాగులను నడివీధిలో పోగేసి కాల్పించారు. సియర్స్, రోబక్ ఇద్దరూ నల్లవాళ్లేనని పుకారు లేపారు. జాతిద్వేషం ఎంత బలమైన వ్యాపార ఆయుధమో ఆ పుకారే చెబుతుంది. తర్వాతి కాలంలో రోజెన్‌వాల్డ్ సొమ్ముతో, నల్లజాతి గ్రామాల చందాలతో, ప్రభుత్వ నిధులతో కలిపి 1932 నాటికి దక్షిణాదిలో నల్లజాతి పిల్లల కోసం దాదాపు అయిదు వేల బడులు లేచాయి.

ఉత్తరం పల్లె గడప దాకా రావడం 1896లో వెస్ట్ వర్జీనియాలో మొదలైంది. పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా ఉన్నప్పుడు దానికోసం పట్టుబట్టినవాడు ఫిలడెల్ఫియా దుకాణదారు వానామేకరే. కానీ నాలుగు పౌండ్లకు మించిన మూట పోస్టులో వెళ్లదు. బరువైన పార్సిళ్లు నాలుగైదు ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ కంపెనీల చేతిలో ఉండేవి. అవీ, పల్లె వర్తకులూ కలిసి దీన్ని మార్చకుండా ఏళ్ల తరబడి అమెరికా కాంగ్రెస్‌ను ఆపాయి. చివరకు 1913 జనవరి 1న పార్సిల్ పోస్టు మొదలైతే మొదటి ఆరు నెలల్లోనే 30 కోట్ల పార్సిళ్లు కదిలాయి. ప్రైవేటు వ్యాపారం ఘనతగా చెప్పుకునే ఈ కథలో ప్రభుత్వ తపాలా బండి ఎంత దూరం లాగిందో మరిచిపోకూడదు.

ఇప్పుడు మళ్లీ 1872కి వెళ్లాలి. షికాగోలో వార్డ్ అందరికీ ఒకే ధరల కాగితం అచ్చేసిన ఆ ఏడాదే క్లీవ్‌లాండ్‌లో చమురు వ్యాపారి జాన్ రాక్‌ఫెల్లర్ సరిగ్గా దానికి తలకిందులైన పని చేస్తున్నాడు. రైలు కంపెనీలు పైకి చెప్పే కిరాయి ఒకటి, పెద్ద పార్టీల దగ్గర పుచ్చుకునేది ఒకటి. తేడాను గుట్టుగా తిరిగి ఇచ్చేవి. సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ పేరుతో వేసిన పథకం ఇంకా ముందుకు వెళ్లింది. పోటీదారు పంపిన పీపాల మీద కట్టిన కిరాయిలోనూ రాక్‌ఫెల్లర్ వర్గానికి వాటా. అది బయటపడి, గగ్గోలై, అమలుకు రాకుండానే రద్దయింది. కానీ ఆ భయం గాలిలో ఉండగానే, కొన్ని వారాల్లో, క్లీవ్‌లాండ్‌లోని 26 చమురు శుద్ధి కర్మాగారాల్లో 22 ఆయన కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ చేతికి వచ్చాయి. స్టాండర్డ్ ఆయిల్ కిరసనాయిలు చౌక చేసిన మాట నిజం, వృథాను అరికట్టిన మాటా నిజం. అయినా ఆ చౌకలో కొంత భాగం పక్కవాడు ఎక్కువ కిరాయి కట్టడం వల్ల వచ్చింది. రైలుమార్గం అందరి దారి కావాలి. దారికే రెండు ధరలుంటే పోటీ అన్న మాటకు అర్థం లేదు.

రైళ్ల మీద వచ్చిన 1887 అంతర్రాష్ట్ర వాణిజ్య చట్టం కిరాయిలను బహిరంగంగా ప్రకటించాలంది. అంటే రైలుకూ ధర చీటీ కట్టమంది. 1903లో ఎల్కిన్స్ చట్టం గుట్టు వాపసులను నిషేధించింది. 1907లో జడ్జి లాండిస్ ఇండియానా స్టాండర్డ్ ఆయిల్‌కు 2 కోట్ల 92 లక్షల 40 వేల డాలర్ల జరిమానా వేశాడు. 1,462 వ్యాగన్లు, వ్యాగనుకు 20 వేల డాలర్లు. పై కోర్టు మరుసటి ఏడాదే దాన్ని కొట్టేసింది.

1911లో సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ను విడగొట్టింది, అదే నెలలో అమెరికన్ టొబాకోను కూడా. ఈ రెండో కంపెనీ కథకు తెలుగు నేలతో నేరుగా లంకె ఉంది. దాని అధిపతి జేమ్స్ డ్యూక్ 1884లో బాన్‌సాక్ యంత్రాన్ని పెట్టినప్పుడు అది రోజుకు లక్షా ఇరవై వేల సిగరెట్లు చుట్టగలిగేది. చేత్తో చుట్టేవాడికి మూడు వేలు గగనం. అంత సరుకు ఎవరు కొంటారు? పెట్టెలో బొమ్మలు పెట్టి, పత్రికల్లో ప్రకటనలు కుమ్మరించి, పోటీదారులను కలిపేసుకుని, అమెరికా చాలక 1902లో ఇంగ్లండు ఇంపీరియల్ టొబాకోతో కలిసి బ్రిటిష్ అమెరికన్ టొబాకో స్థాపించాడు. ఆ వంశంలోంచి వచ్చిందే చీరాలవాళ్లు ఐఎల్‌టీడీ అని పిలిచే ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో వర్జీనియా పొగాకు, దాన్ని కాల్చే బ్యారన్లు, గ్రేడింగు గోడౌన్లలో ఆడకూలీల వరుసలు, అన్నిటి వెనకా ఉత్తర కరోలినాలో తిరిగిన ఆ యంత్రం ఆకలి ఉంది.

చిల్లర వ్యాపారంలో తర్వాతి మెట్టు గొలుసు దుకాణాలు. ఫ్రాంక్ వుల్‌వర్త్ 1879లో యూటికాలో పెట్టిన అయిదు సెంట్ల కొట్టు మూతపడింది, అదే ఏడాది లాంకాస్టర్‌లో పెట్టింది నిలిచింది. ఆయన ఒక్క వస్తువుకే కాదు, కొట్టు మొత్తానికీ ఒకే ధర పెట్టాడు. 1913లో న్యూయార్క్‌లో 792 అడుగుల భవనం అప్పు లేకుండా కట్టించాడు. టీ పొడి అమ్మకంతో మొదలైన ఏ అండ్ పీ 1912 నుంచి అరువు లేదు, ఇంటికి పంపడం లేదు అన్న చిన్న కొట్లు తెరుస్తూ పోయి 1930 నాటికి 15 వేలు దాటింది. కొనేవాడికి అక్కడా ఒకే ధర. తయారీదారు దగ్గర మాత్రం ఏ అండ్ పీకి వేరే ధర: పరిమాణం పేరున రాయితీ, ప్రకటనల పేరున భత్యం, దళారీ లేకున్నా దళారీ కమీషను. క్లీవ్‌లాండ్ వాపసులు కిరాణా గిడ్డంగిలోకి వచ్చాయి.

ఇండియానా 1929లో కొట్ల సంఖ్యను బట్టి పన్ను వేసింది, ఇతర రాష్ట్రాలూ అందుకున్నాయి. టెక్సస్ ప్రతినిధి రైట్ పాట్మన్ 1936లో తెచ్చిన చట్టం ఒకే సరుకును కొనుగోలుదారుకో ధరకు అమ్మి పోటీని దెబ్బతీయరాదంది. ఏ అండ్ పీని ఉద్దేశించే అది వచ్చిందని అందరికీ తెలుసు. అయితే కొట్టుకింతని పన్ను వేస్తే కంపెనీ చేసేది ఊహించదగిందే. సూపర్‌మార్కెట్లు అప్పటికే పోటీకి వచ్చాయి, 1930లో మైకేల్ కలెన్ న్యూయార్క్ క్వీన్స్‌లో గరాజు జాగాలో ఒకటి తెరిచి జనాన్ని పోగేశాడు. ఏ అండ్ పీ వేల చిన్న కొట్లు మూసి వాటి జాగాలో పెద్దవి తెరిచింది. వాటితో పాటు ఊరి మూలన కొట్టు మేనేజరు ఉద్యోగాలూ పోయాయి.

ఆ పెద్ద కొట్ల లోపలి అమరిక 1916లో మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ తెరిచిన పిగ్లీ విగ్లీది. తిరిగే గేటు తోసుకుని లోపలికి వెళ్తే బల్ల లేదు, బల్ల వెనక మనిషి లేడు. సరుకు మొత్తం ఇవతలే ఉంది, ప్రతిదాని కిందా ధర ఉంది. బుట్ట చేత పట్టుకున్న గృహిణి డబ్బా తీసి చూసి, ధర చదివి, తిరిగి పెట్టి, ఇంకోటి తీసుకుని గల్లా దగ్గరికి నడిచేది. దారిలో ఆమె ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడనక్కర్లేదు.